నెల తప్పిన నాటి నుంచి తొలి చెకప్ దాకా: కొండ ఊళ్లలో పనిచేసే వాళ్లకో సమగ్ర మార్గదర్శి

పాడేరు వైపో, ఉట్నూరు వైపో, భద్రాచలం అవతల అడవి ఊళ్లలోనో తిరిగినప్పుడు "మా దగ్గర రిజిస్టర్ కాని గర్భిణి లేదండీ" అనే మాట తరచుగా వినిపిస్తుంది. చాలావరకు అది నిజమే కూడా. కానీ ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల సంరక్షణ కార్డు) తెరిచి మొదటి చెకప్ తేదీ చూడండి, నాలుగో నెలో అయిదో నెలో కనిపిస్తుంది. రిజిస్టర్ అయింది, కాన్పు కూడా ఆస్పత్రిలోనే అవ్వొచ్చు, కానీ మొదట్లోనే చేయాల్సిన పనులు చేసే టైమ్ అప్పటికే చేజారిపోయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, దేశం మొత్తమ్మీద మొదటి మూడు నెలల్లో చెకప్ చేయించుకున్న తల్లులు 70 శాతం. అంటే పది మందిలో ముగ్గురికి అందలేదు, ఆ ముగ్గురూ ఎక్కువగా ఎలాంటి ఊళ్లలో ఉంటారో మీకు తెలియంది కాదు.

ఈ గైడ్ ఆశాలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ టీచర్లు, డ్వాక్రా లీడర్లు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే కుర్రాళ్లు, వార్డు మెంబర్ల కోసం. కొత్త బిల్డింగులూ కొత్త స్కీములూ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఉన్నవాటితోనే చాలా చేయొచ్చు. నా అభిప్రాయంలో ఎక్కువ వారాలు పోయేది ఆస్పత్రిలో కాదు, నెల తప్పిన సంగతి ఆమె మొదటిసారి ఎవరికో చెప్పుకునే దాకా. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఆ వారాల గురించే.

తొందర ఎందుకంటే

అధికారిక గడువు 12 వారాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెకప్‌లు నాలుగు సరిపోవు, ఎనిమిది ఉండాలి అన్నప్పుడు కూడా మొదటిది 12 వారాల్లోపే అంది. మన దగ్గర కనీసం నాలుగు. మీరు మాత్రం 8 వారాలని టార్గెట్ పెట్టుకోండి, అప్పుడే సంత మిస్సయినా, వాగు పొంగినా, ల్యాబ్ టెక్నీషియన్ సెలవు పెట్టినా 12 దాటకుండా అవుతుంది.

బిడ్డ వెన్నుపాము, మెదడు తయారయ్యే గొట్టం ఆఖరి ముట్టు నుంచి లెక్కేస్తే దాదాపు ఆరో వారానికే మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ పనిచేసేది అప్పుడే, అయిదో నెలలో ఇస్తే ఆ పనికి లాభం లేదు. రక్తహీనత సంగతి ఇంకా సూటిగా లెక్క కట్టొచ్చు: మాత్రలు సరిగ్గా వేసుకుంటే హిమోగ్లోబిన్ నెలకి సుమారు 1 గ్రాము పెరుగుతుంది, 8 ఉన్న మనిషి 11కి రావాలంటే మూడు నెలలు కావాలి. ఏడో నెలలో కనిపెడితే ఆ మూడు నెలలు ఎక్కడ్నుంచి తెస్తాం? సిఫిలిస్, హెచ్ఐవీ లాంటివి ముందే తెలిస్తే బిడ్డకి సోకకుండా మందులు ఇవ్వొచ్చు. బీపీ మొదట్లో ఎంతుందో రాసి లేకపోతే, ఏడో నెలలో 140/90 కనిపించినప్పుడు అది పాతదా కొత్తదా అని డాక్టర్ తల పట్టుకోవాలి.

1. ముందు వారాలు ఎక్కడ పోతున్నాయో పట్టుకోండి

మీటింగ్ పెట్టి అవగాహన కల్పించేస్తే సరిపోతుంది అనుకునే వాళ్లు చాలామంది. దానికంటే ముందు, మీ ఊళ్లలో ఈ ఏడాదిలో కాన్పయిన ఓ పదీ పదిహేను మంది బాలింతల దగ్గర తీరిగ్గా కూర్చోండి. ఒక్కొక్కరినీ అయిదు సంగతులు అడగండి: నెల తప్పింది ఎప్పుడు, అనుమానం వచ్చింది ఎప్పుడు, మొదట ఎవరికి చెప్పింది, కిట్‌తో గర్భ పరీక్ష ఎప్పుడు, రక్త పరీక్షతో సహా మొదటి చెకప్ ఎప్పుడు. కార్డులో రాసిన తేదీని నమ్మేయకండి, ఎందుకో చివర్లో చెబుతాను.

ఇవి వరసగా రాసుకుంటే రెండు ఖాళీలు బయటపడతాయి. నెల తప్పినప్పటి నుంచి ఎవరికైనా చెప్పేదాకా ఒకటి, చెప్పినప్పటి నుంచి చెకప్ అయ్యేదాకా రెండోది. మొదటి ఖాళీ పెద్దదైతే అది భయం, ఆచారం, సిగ్గు, ముట్టు లెక్క తెలియకపోవడం. రెండోది పెద్దదైతే దారి, కూలి, ఆధార్, ల్యాబ్, స్టాఫ్. మందు రెండింటికీ ఒకటి కాదు. చెప్పడానికి సిగ్గుపడే ఊరికి జీపు పంపినా ఎవరూ ఎక్కరు, జీపే లేని ఊరికి కళాజాత పంపితే పాటలు విని ఇంటికి పోతారు.

2. లిస్టులో లేని వాళ్లని లిస్టులోకి ఎక్కించండి

అర్హులైన దంపతుల రిజిస్టర్ అని ఆశా దగ్గర ఒకటుంటుంది. దాన్ని పట్టుకుని ఇంటింటికీ తిరగండి, రెవెన్యూ గ్రామం లెక్కన కాకుండా ఒక్కో గూడెం, ఒక్కో కొండశిఖర ఆవాసం లెక్కన. తప్పిపోయేది ఎక్కువగా వీళ్లే:

- కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు. పుట్టింటి లిస్టులో పేరు తీసేశారు, ఇక్కడ ఇంకా ఎక్కలేదు.
- పెళ్లి తంతు కాకుండానే కలిసి ఉంటున్న జంటలు. చాలా ఆదివాసీ సమూహాల్లో ఇది మామూలే, కానీ రిజిస్టర్‌లో కాలమ్ "వివాహ తేదీ" అడుగుతుంది కాబట్టి రాసేవాళ్లు వదిలేస్తారు.
- చంటిబిడ్డకి పాలిస్తున్న తల్లులు. ముట్టు ఇంకా మొదలవలేదు కాబట్టి కడుపు రాదనుకుంటారు. కడుపు కనిపించాకే తెలుస్తుంది.
- ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ములుగు, భద్రాద్రి అడవుల్లో ఉంటున్న గుత్తికోయ కుటుంబాలు. ఏ ఊరి జాబితాలోనూ ఉండని ఇళ్లు ఇక్కడే ఎక్కువ.
- 18 నిండని అమ్మాయిలు.

ఈ చివరి వాళ్ల గురించి ఒక మాట. కేసవుతుందన్న భయంతో ఇంటివాళ్లు దాచేస్తారు. కేసు రాదని అబద్ధపు హామీ ఇవ్వకండి, మైనర్ అని తెలిస్తే డాక్టర్ చట్టప్రకారం పోలీసులకి సమాచారం ఇవ్వాలి. కానీ కేసు సంగతి వేరు, వైద్యం సంగతి వేరు, ఆ పేరు చెప్పి చెకప్ ఆపకూడదు. చిన్న ఒంట్లో రక్తం తక్కువగా, బీపీ ఎక్కువగా ఉండే ప్రమాదం ఇంకా ఎక్కువ. కుటుంబానికి ఇది సూటిగా చెప్పి, మొదటిసారి మీరే వెంట వెళ్లండి.

3. ముట్టు తేదీ గుర్తుండేలా చేయండి

అన్నింటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, అందరూ చిన్నచూపు చూసేదీ ఇదే.

తేదీలు గుర్తుండవు, ఉండాల్సిన అవసరం కూడా వాళ్ల రోజువారీ బతుకులో లేదు. సంతరోజు గుర్తుంటుంది, పండగ గుర్తుంటుంది. విశాఖ ఏజెన్సీలో "ఇటుకల పండక్కి ముందా, తరవాతా?" అనో, "కొర్రకొత్త నాటికి బయటున్నావా?" అనో అడిగితే వచ్చే జవాబు, "ఎల్ఎంపీ (ఆఖరి ముట్టు) ఎప్పుడమ్మా?" అంటే రాదు. ఆదిలాబాద్ వైపు నాగోబా జాతర, మిగతాచోట్ల సంక్రాంతి. పండగ దగ్గర పట్టుకుని అక్కడ్నుంచి ఎన్ని సంతలు గడిచాయో లెక్కేస్తే వారం తేడాలో తేదీ దొరుకుతుంది.

అంతకన్నా మంచిది, గడుల క్యాలెండర్ ఒకటి ఇచ్చి ముట్టయిన రోజు సున్నా చుట్టమని చెప్పడం. గోడకి తగిలించుకోవడం ఇష్టం లేకపోతే డ్వాక్రా పాస్‌బుక్ వెనకాల రాసుకోవచ్చు. ఇందులో ఇష్టం ముఖ్యం, "నీ నెల తేదీలు నా బుక్కులో రాసుకోవచ్చా?" అని అడిగి, సరే అంటేనే రాసుకోండి. ఆశా నెలకోసారి తిరిగినప్పుడు, అత్తగారి ముందూ నలుగురు మగాళ్ల ముందూ "నెల తప్పావా?" అని అడిగితే ఇంకెప్పుడూ నిజం చెప్పదు.

తేదీ దొరికితే కాన్పు తేదీ లెక్క తేలిక: తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలపండి. జూన్ 10న ఆఖరి ముట్టయితే మార్చి 17. అదే లెక్కలో ఎనిమిది వారాలు నిండేది ఆగస్టు 5న, 12 వారాలు నిండేది సెప్టెంబర్ 2న. ఈ మూడు తేదీలూ కార్డు మీద పెన్నుతో రాసేయండి. ముట్టు సక్రమంగా రాని వాళ్లకి, పాలిచ్చే తల్లులకి ఈ లెక్క పనిచేయదు, వాళ్లకి తొలి నెలల్లోనే స్కాన్ తీయించాలి.

4. కిట్ గూడెంలోనే ఉండాలి

ఇంట్లోనే గర్భం తేల్చుకునే నిశ్చయ్ కిట్ ఆశా దగ్గర ఉచితం. ఆశా కిందూళ్లో ఉండి, గూడెం రెండు గంటల నడక దూరంలో ఉంటే ఆ కిట్ ఉన్నా లేనట్టే. గూడెంలో నమ్మకంగా, గుట్టు బయటపెట్టకుండా ఉండే ఒక ఆడమనిషిని, సంఘం లీడర్ కావచ్చు, మినీ అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, చూసుకుని నాలుగైదు కిట్లు ఆమె దగ్గర ఉంచండి. ఎండా తడీ తగలకుండా, గడువు తేదీ చూసి.

వాడే పద్ధతి ఆమెకి చేసి చూపించండి. పొద్దున లేవగానే వచ్చే మూత్రం అయితే మేలు. గుంటలో రెండు మూడు చుక్కలు, సుమారు అయిదు నిమిషాలు ఆగడం. కిట్ మీద సీ (C) అక్షరం దగ్గర గీత వచ్చి టీ (T) అక్షరం దగ్గర కూడా వస్తే, అది పలచగా ఉన్నా సరే, గర్భమే. సీ దగ్గర అసలు గీత రాకపోతే కిట్ పాడైంది, ఇంకోటి వాడాలి. ఒక్క సీ గీతే వచ్చి, ముట్టు మాత్రం రాకపోతే వారం ఆగి మళ్లీ చేయాలి. ఈ "వారం ఆగి మళ్లీ" అన్నది చెప్పకపోవడం వల్లే లేదనుకుని రెండు నెలలు గడిపేసేవాళ్లు ఉంటారు.

ఫలితం ఎవరికి చెప్పాలన్నది ఆమె ఇష్టం. ఆమె ఈ గర్భం వద్దనుకుంటే కూడా ఇదే సమయంలో తెలియడం మేలు. మందుల షాపులో మాత్రలు, చెట్టు వేర్లు వద్దని గట్టిగా చెప్పి అనుమతి ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. 2021 సవరణ తరవాత గర్భస్రావ చట్టం 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయంతో, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్నవాళ్లకి 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయంతో ఒప్పుకుంటుంది. 18 నిండిన ఆడమనిషికి తన సంతకం చాలు, భర్త సంతకం చట్టం అడగదు.

5. ఆచారంతో గొడవ పెట్టుకోకండి

మూడో నెల దాటేదాకా నీళ్లోసుకున్న సంగతి బయటికి చెప్పకూడదు, దిష్టి తగులుతుంది. ఇది కొండల్లోనే కాదు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ ఉంది, కాకపోతే అక్కడ ఎవరికీ చెప్పకుండానే కారెక్కి డాక్టర్ దగ్గరికి వెళ్లి వచ్చేస్తారు. గూడెంలో ఆశా ఆ గడప తొక్కిందంటే చాలు, సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి మార్చాల్సింది నమ్మకాన్ని కాదు, మన పద్ధతిని. సంతలో కలవండి, సంఘం మీటింగ్ తరవాత పక్కకి పిలవండి. ఆశా ప్రతి ఇంటికీ ఏదో ఒక పనిమీద, దోమతెరలో, పిల్లల బరువో, నెలనెలా వెళ్లడం అలవాటు చేస్తే ఎవరింటికి ఎందుకెళ్లిందో ఎవరూ పట్టించుకోరు.

అత్తగారితో మాట్లాడాల్సి వస్తే ఇలా:

"పెద్దమ్మా, ఊరందరికీ చెప్పమనట్లేదు. మూడో నెల దాటాకే చెప్పుకోండి, మీ ఇష్టం. ఈలోగా కోడలికి రక్తం ఎంతుందో చూపించుకుని వచ్చేద్దాం. సంతకి వెళ్లినట్టే వెళ్లొస్తాం."

"మా కాలంలో ఈ సూదులన్నీ ఉన్నాయా ఏంటి? నాకు అయిదుగురు పుట్టలేదా?"

"పుట్టారు పెద్దమ్మా. ఎంతమంది బతికారు?"

ఈ చివరి ప్రశ్న అందరూ అడగకూడదు. ఆ ఇంటి మనిషిలా కలిసిపోయిన వాళ్లు, కళ్లలోకి చూసి మెల్లిగా అడగగలిగిన వాళ్లు మాత్రమే అడగాలి, మైకులో అడిగే ప్రశ్న కాదిది.

గురువుని, దిసారిని, ఎజ్జోడిని (గూడెంలో పూజలు, మంత్రాలు చేసేవాళ్లని) తిట్టి లాభం లేదు. వేవిళ్లు ఎక్కువైనా, కళ్లు తిరిగినా చాలా ఇళ్లలో మొదటి పిలుపు వాళ్లకే, అంటే కడుపు సంగతి మీకంటే ముందు వాళ్లకి తెలుస్తుంది. "నీ తాడు నువ్వు కట్టు, ఆ తరవాత మా దగ్గరికి కూడా పంపు" అంటే ఒప్పుకునే వాళ్లు చాలామందే ఉంటారు. మంత్రసానిని కూడా అలాగే కలుపుకోండి, చెకప్‌కి తోడు రమ్మనండి. ఆస్పత్రిలో ఆమెని కూర్చోబెట్టి మాట్లాడితే తిరిగి ఊళ్లోకి వెళ్లి చెప్పే మాట వేరుగా ఉంటుంది.

కువి, సవర, కోయ, గోండి మాట్లాడే చోట తెలుగులో గబగబా చెప్పేసి తలూపించుకుంటే అర్థమైనట్టు కాదు. అనువాదం చేయడానికి ఆ వయసు ఆడమనిషిని వెతకండి, భర్తని గానీ అత్తగారిని గానీ పెట్టకండి.

6. మొదటి చెకప్ ఒక్కరోజులో పూర్తవ్వాలి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. తెల్లారుజామున కొండ దిగి, కూలి పోగొట్టుకుని, చంటిపిల్లని పక్కింట్లో వదిలి వచ్చిన మనిషితో "ల్యాబ్ వాళ్లు లేరు, మళ్లీ రా" అంటే ఆమె మళ్లీ రాదు. రాకపోవడమే కాదు, తోటికోడలిని కూడా రానివ్వదు. మీరు నెలల తరబడి ఇల్లిల్లూ తిరిగి చెప్పిందంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది.

కాబట్టి రోజు ఎంచుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టండి. పీహెచ్‌సీ ఉన్న ఊళ్లో సంత జరిగే రోజైతే జీపులూ ఆటోలూ ఎలాగూ నడుస్తాయి, ఎవరికీ అనుమానం రాదు, ఉప్పూ పప్పూ కూడా కొనుక్కుపోతుంది. మెడికల్ ఆఫీసర్‌తో కూర్చుని సంతరోజు ల్యాబ్ తెరిచి ఉండేలా మాట్లాడుకోండి. ప్రతినెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ రోజున డాక్టర్ చూస్తారు, ముఖ్యంగా రెండు, మూడో త్రైమాసికాల వాళ్లని, కాబట్టి కొత్త గర్భిణిని 9 దాకా ఆపకండి. ఊళ్లో నెలకోసారి అంగన్‌వాడీ దగ్గర జరిగే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ దినం కూడా ఉంది, కాకపోతే రక్త పరీక్షలన్నీ అక్కడ అవ్వవు. ముందురోజు ఫోన్ చేసి టెక్నీషియన్ ఉన్నారా, హిమోగ్లోబిన్ స్ట్రిప్పులు ఉన్నాయా, గ్లూకోజ్ ప్యాకెట్ ఉందా అని అడగడం ఆశా పని. ఆ ఫోన్ ఎత్తడం పీహెచ్‌సీ పని.

ఆరోజు జరగాల్సినవి: బరువు, ఎత్తు, బీపీ, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, మూత్రంలో అల్బుమిన్ (ప్రోటీన్), షుగర్, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ, గ్లూకోజ్ పరీక్ష, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) పరీక్ష, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా మొదటి డోసు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, నిండా రాసిన కార్డు. కొన్నిటి దగ్గర జరిగే పొరపాట్లు చూడండి.

బీపీ: నడిచొచ్చిన మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి వెంటనే పట్టీ కట్టేస్తారు. కనీసం అయిదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి కూర్చోనివ్వాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కట్టేటప్పుడు మాట్లాడించకూడదు. లేకపోతే ఎక్కువ చూపించి ఆమెకీ మీకూ టెన్షన్.

హిమోగ్లోబిన్: కంటి రెప్ప లాగి చూసి "తొమ్మిదుంటుంది" అని రాసేయడం ఇంకా పోలేదు. స్ట్రిప్పుతోనో, ల్యాబ్‌లోనో కొలిచిందే రాయండి. 11, ఆపైన ఉంటే సరే. 10 నుంచి 10.9 తక్కువ రక్తహీనత, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 కంటే తక్కువైతే ఆగకుండా పెద్దాస్పత్రి.

గ్లూకోజ్: 75 గ్రాములు నీళ్లలో కలిపి అయిదు పది నిమిషాల్లో తాగించి, రెండు గంటల తరవాత రక్తం తీస్తారు. 140, ఆపైన వస్తే గర్భంలో షుగర్ కింద లెక్క. పరగడుపున రానక్కర్లేదు, ఈ విషయం చెప్పకపోతే పొద్దుట్నుంచీ పస్తుండి కళ్లు తిరిగి పడిపోతారు. అరగంటలోపు వాంతి అయితే ఇంకోరోజు చేయాలి. ఆ రెండు గంటలు ఖాళీగా కూర్చోబెట్టకుండా మిగతా పనులు కానిచ్చుకోవచ్చు, నీడా మంచినీళ్లూ మాత్రం ఉండాలి. 24 నుంచి 28 వారాల మధ్య ఇదే పరీక్ష మళ్లీ చేయాలి.

సికిల్ సెల్: ఆదివాసీ ప్రాంతాల్లో ఇది తప్పనిసరిగా అడిగి చేయించండి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద 40 ఏళ్లలోపు వాళ్లందరికీ స్క్రీనింగ్ చేస్తున్నారు కాబట్టి ఇప్పటికే కార్డు ఉందేమో చూడండి. ఆమె క్యారియర్ (జబ్బు లేకపోయినా దాని జన్యువు మోసే మనిషి) అని తేలితే భర్తకీ వెంటనే పరీక్ష చేయించాలి, ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి గర్భంలోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. జబ్బే ఉన్న మనిషికి ఐరన్ మాత్రలు కూడా డాక్టర్ చెప్పాకే ఇవ్వాలి, వేసుకుంటున్న మందులన్నీ డాక్టర్‌కి చూపించాలి.

మాత్రల మీద భయాలు మామూలే. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. నాలుగో నెల నుంచి ఐరన్ రోజుకొకటి, రక్తహీనత ఉంటే రెండు, 180 రోజులు. దాంతోపాటు కాల్షియం రోజుకి రెండు, ఐరన్‌తో కలిపి కాదు, మధ్యలో రెండు గంటల తేడాతో. టీతో ఐరన్ మింగితే ఒంటికి పట్టదు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే భయపడి మాత్రలు దూలంలో దోపేస్తారు. మొదట్లో చెప్పిన జాతీయ సర్వేలోనే చూస్తే 180 రోజులు మాత్రలు వేసుకున్న తల్లులు 26 శాతమే. "బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుంది" అనేది ఇంకో భయం. దీనికి మీ జవాబు, అదే ఊళ్లో మాత్రలు వేసుకుని మామూలుగా కన్న మనిషి చేత చెప్పించండి, మీరు చెప్పేదానికంటే బాగా పనిచేస్తుంది.

ఇవన్నీ బాగా జరిగినా "ఏమే, ఇన్నిరోజులు ఏం చేస్తున్నావ్?" అని కౌంటర్లో ఒక్కరు కసిరితే పోయింది. ఆలస్యంగా వచ్చిన మనిషితో మొదటి మాట "వచ్చావు, మంచిపని చేశావు" అయ్యుండాలి.

7. కాగితాలు తరవాత, చెకప్ ముందు

ఆధార్‌లో ఇంకా పుట్టింటి అడ్రస్, బ్యాంకు ఖాతా లేదు, పేరులో తేడా. ఇవి డబ్బులు రావడానికి అడ్డం కావచ్చు, చెకప్‌కి కాదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణికి పరీక్షలు, మందులు ఉచితం. ఆధార్ లేదని వెనక్కి పంపితే అక్కడే మెడికల్ ఆఫీసర్ని అడగండి.

ప్రధానమంత్రి మాతృ వందన పథకం కింద మొదటి బిడ్డకి 5,000 రూపాయలు రెండు విడతల్లో వస్తాయి. మొదటి 3,000కి షరతే రిజిస్ట్రేషన్, ఆఖరి ముట్టు నుంచి ఆరు నెలల్లోపు ఒక చెకప్. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. రాష్ట్రం, జిల్లాని బట్టి అమలులో తేడా ఉంటుంది కాబట్టి అంగన్‌వాడీలో అడిగాకే ఇంట్లో చెప్పండి. డబ్బులొస్తాయని ఊరించి రాకపోతే మాట పోయేది మీదే.

8. దారి, వాగు, తొలి నెలల్లో వచ్చే ప్రమాదం

డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు ఎక్కువగా కాన్పు నొప్పుల సమయానివే. కానీ తొలి నెలల్లోనూ ప్రాణం మీదికి వస్తుంది. కడుపులో ఒకవైపు గట్టిగా నొప్పి, రక్తం కనపడటం, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం లాగేయడం. గర్భం ట్యూబులో నిలబడితే ఇలా ఉంటుంది, లోపలే రక్తం పోతుంది, బయటికి కొంచెమే కనిపించవచ్చు. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి, 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికే వెళ్లాలి. రోడ్డు లేని గూడేలకి బైకు మీద నడిచే ఫీడర్ అంబులెన్సులు కొన్నిచోట్ల ఉన్నాయి, మీ మండలంలో ఉందో లేదో, సిగ్నల్ ఏ గుట్ట మీద దొరుకుతుందో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి.

చెకప్‌లకి మాత్రం 102 వాహనం మీ దారిలోకి వస్తుందో లేదో కనుక్కోండి, రాని చోట సంత జీపే గతి. నలుగురు గర్భిణులు కలిసి వెళితే ఛార్జీ కలిసొస్తుంది, ధైర్యమూ వస్తుంది. మొదటి చెకప్ రోజునే కాన్పు తేదీ వర్షాకాలంలో పడుతుందేమో చూడండి. పడితే సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో ఉన్నట్టు గర్భిణుల వసతి గృహం మీకు దగ్గర్లో ఎక్కడుందో అప్పుడే మాట్లాడుకోవచ్చు.

9. పనికి వలస వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు

మిర్చి కోతల కాలంలో ఖమ్మం, గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలకి కుటుంబాలే దిగుతాయి. ఆ రెండు మూడు నెలల్లో నెల తప్పితే రెండు ఊళ్లకీ లెక్కలో ఉండదు. వెళ్లేముందు ఆశా చేయాల్సింది: నెల తప్పిందేమో అడగడం, రెండు కిట్లు ఇవ్వడం, ఇప్పటికే గర్భిణి అయితే రెండు నెలల మాత్రలు, కార్డు, ఆ కార్డు ఫోటో భర్త ఫోన్లో. కార్డు మీది ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణిగా రిజిస్టర్ చేసినప్పుడు ఇచ్చేది) ఎక్కడికెళ్లినా అదే.

కిందూళ్లలో ఉన్న ఆశాలకీ ఒక మాట: మీ ఊరి చేల గట్ల మీద గుడారాలు వేసుకున్న వాళ్లు మీ జనాభాలో లేకపోవచ్చు, గర్భిణులు మాత్రం ఉంటారు. మేస్త్రీతో మాట్లాడి పొద్దుగూకాక ఒకసారి వెళ్లిరండి, పగలు ఎవరూ దొరకరు.

10. లెక్కపెట్టండి, కానీ ఆశాని కొట్టడానికి కాదు

నెలకి మూడే అంకెలు: 8 వారాల్లోపు తెలిసినవాళ్లు ఎంతమంది, 12 వారాల్లోపు అన్ని పరీక్షలూ పూర్తయినవాళ్లు ఎంతమంది, ఆలస్యమైన ప్రతి ఒక్కరికీ కారణం ఏంటి. పేర్లు గోడకెక్కకూడదు.

మొదట్లో కార్డు తేదీని నమ్మొద్దు అన్నాను కదా. రివ్యూ మీటింగులో "12 వారాలు దాటి ఎందుకు రిజిస్టర్ చేశావ్?" అని నిలబెట్టి తిడితే, తరవాత నెల నుంచి కార్డులో ఆఖరి ముట్టు తేదీయే అసలు తేదీ కంటే ఒక నెల తరవాతిదిగా మారిపోతుంది. రిపోర్టు అందంగా ఉంటుంది. దాంతో కాన్పు తేదీ తప్పుతుంది, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎవరో, నెలలు నిండినా ఎదగని బిడ్డ ఎవరో తెలియదు, తొమ్మిదో నెల నిండినా ఇంకా టైముందని ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఆలస్యాన్ని నిజాయితీగా రాసిన ఆశాని మెచ్చుకోని చోట మీకు నిజం అంకె ఎప్పటికీ దొరకదు.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల దాకా నిధి ఉంటుంది. అది ఎలా ఖర్చయిందో సర్పంచ్‌నీ ఏఎన్ఎంనీ అడగండి. బీపీ మిషన్‌కి బ్యాటరీలు, సంత జీపు ఛార్జీ, గ్లూకోజ్ పరీక్ష కోసం కూర్చునే రెండు గంటలు నీడకి ఓ రేకుల చూరు, ఇలాంటివి ఈ నెల గ్రామసభ తీర్మానంలో రాయించండి.